మేత మార్చినట్టు మందు మార్చుకున్నాను

నన్ను నేను రొయ్య అనుకుని, వారం రోజులపాటు ఎంతో శ్రద్ధగా మేపుకుని, ఎనిమిదో రోజుకి చావు అంచుదాకా తెచ్చుకున్న వృత్తాంతం ఇది. నవ్వుకోవడానికే రాస్తున్నాను, నవ్వండి. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే అది మీ తప్పు కాదు. ఆ సమయానికి మా ఇంట్లో కూడా ఎవరూ నవ్వలేదు.

నా పేరు రమణయ్య. గూడూరుకి తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో నాకు మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా రొయ్యలు పెంచుతున్నాను. దాదాపు అన్నేళ్ళుగా షుగర్ కూడా పెంచుతున్నాను. రెండింటిలో బాగా పెరిగింది షుగరే. వైరస్ వచ్చి రొయ్యలు రెండు పంటలు తేలిపోయాయి గాని, నా షుగర్ మాత్రం ఒక్క ఏడాది కూడా దిగుబడి తగ్గలేదు.

ఈ జబ్బు మా ఇంటికి కొత్త కాదు. మా అన్న సుబ్బరామయ్యకి దీనివల్లే కుడి పాదం తీసేశారు. తర్వాత మందు మార్చారు. మార్చిన నెలకి ఆయనే పోయాడు. చివరి రోజుల్లో మంచం మీద కూర్చుని, లేని పాదాన్ని గోక్కోవడానికి చెయ్యి చాపి, మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయేవాడు. అలా గాల్లో ఆగిన ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన దినం రోజున షామియానా కింద ఎవరో అన్నారు: "మందు ఒక్కసారిగా మార్చేసినారబ్బా, మనిషి తట్టుకోలేకపోయినాడు." అన్నది ఎవరో గుర్తులేదు. మాట మాత్రం నాలో దిగబడిపోయింది.

ఆరేళ్ళ కిందట, నాకు నలభై ఎనిమిదేళ్ళప్పుడు, గూడూరులో మా డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి పెదవి విరిచింది. మా అన్నకి చూసింది కూడా ఆమే. నా పక్కన మా ఆవిడ విజయమ్మ కూర్చుని ఉంది. డాక్టరు గదిలో నేను తల ఊపుతాను, ఆమె వింటుంది. మా కాపురంలో ఆ పని విభజన మొదటినుంచీ ఉంది.

"రమణయ్య గారూ, మీరు వేసుకునే ఇన్సులిన్ సాయంత్రానికే అయిపోతోంది. ఇంకోటి రాస్తున్నాను. ఇది రోజు దాటి కూడా పనిచేస్తుంది," అంది డాక్టరమ్మ. "ఈ రాత్రి నుంచి పాతది పూర్తిగా ఆపెయ్యండి. కొత్తది ఇరవై యూనిట్లు, రాత్రి భోజనానికి ముందు. ఇది ఒంట్లో కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా పొద్దున షుగర్ ఎక్కువ కనిపించినా మీ అంతట మీరు డోసు ముట్టుకోవద్దు. పది రోజుల తర్వాత రండి."

నేను తల ఊపాను.

బయటికి రాగానే విజయమ్మ తన సంచిలోంచి పాత ఇన్సులిన్ పెన్నులు రెండు తీసింది. ఒకటి సగం వాడింది, ఒకటి కొత్తది. "వీటిని ఈడనే ఇచ్చేసి రా. మళ్ళా ఇంటికి తేబాక," అంది.

నేను మూల మలుపు తిరిగి, గోడకి ఉన్న సూదుల డబ్బా ముందు కాసేపు నిలబడి, పెన్నులు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేశాను. నిండు పెన్ను పారెయ్యడానికి చేతులు రాకపోవడం ఒక కారణం. అసలు కారణం భయం. ఒక్కసారిగా మార్చేస్తే మనిషి తట్టుకోలేడు కదా!

మీలో రొయ్యలు పెంచని అదృష్టవంతులు ఉంటారు కాబట్టి ఇక్కడ కాస్త చెప్పాలి. రొయ్య పెరిగే కొద్దీ మేత నంబరు మారుస్తాం. రెండో నంబరు మేత తినే రొయ్యకి మర్నాడే మూడో నంబరు వేస్తే అది ముట్టదు, అలుగుతుంది. అందుకని నాలుగైదు రోజులు పాతదీ కొత్తదీ కలిపి వేస్తాం. పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ పోతాం. ఇక రొయ్య ఎంత తింటున్నదో తెలియడానికి చెక్ ట్రే ఉంటుంది. అంటే వల బిగించిన తట్ట. దాంట్లో పిడికెడు మేత వేసి నీళ్ళలోకి దించి, రెండు గంటల తర్వాత పైకి లాగుతాం. తట్ట ఖాళీగా ఉంటే మేత పెంచుతాం, మిగిలి ఉంటే తగ్గిస్తాం. ఈ రెండు సూత్రాలతోనే ఇరవై ఏళ్ళు బతికాను. డాక్టరమ్మ ఎంత చదివినా గుంట కట్ట మీద ఒక్క పూట నిలబడిన మనిషి కాదు గదా, అందుకే ఇంత చిన్న విషయం ఆమెకి తట్టలేదని జాలిపడ్డాను.

పాత పెన్నులు గుంట దగ్గర షెడ్డులో, రొయ్యల మందులు పెట్టే ఐసు పెట్టెలో దాచాను. కొత్త పెన్ను ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంది. రాత్రి విజయమ్మ కళ్ళ ముందు కొత్తది, పొద్దున షెడ్డులో పాతది. మొదటి రోజు పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు. రెండో రోజు సగం సగం. ఇంత పద్ధతిగా మందు మార్చుకున్న రోగి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడని నా మీద నాకే గౌరవం కలిగింది.

గుంటల కాపలా చూసే పెంచలయ్య రెండో రోజే పట్టుకున్నాడు.

"ఏందన్నా ఆ సూది? పాతది ఆపేసినారని విజయమ్మ వదిన చెప్పిందే?"

"ఆపలేదురా, మారుస్తుండాం. మూడో నంబరు మేతకి ఎట్టా మారినాం?"

"కలిపి వేసినాం."

"ఇదీ అంతే."

"అది రొయ్య కదన్నా."

"ప్రాణం ఏదైనా ప్రాణమే గదరా!"

పెంచలయ్య గడ్డం గోక్కున్నాడు. "డాక్టరమ్మే ఇట్ట వేసుకోమనిందా?"

"అన్నీ ఆమే చెప్పాల్నా? కొన్ని మనమే తెలుసుకోవాల. వదినకి మాత్రం చెప్పబాక."

మూడో రోజు నుంచి చెక్ ట్రే పద్ధతి మొదలుపెట్టాను. తట్ట బదులు షుగర్ మీటరు. రోజుకి నాలుగుసార్లు వేలు పొడుచుకుని చూశాను. నాలుగుసార్లూ ఎక్కువే. అంటే వేసిన మందంతా ఒళ్ళు తినేసింది, తట్ట ఖాళీ! ఇంకా పెంచాలి. ఆ లెక్కన పాతది తగ్గించాల్సిన రోజు వచ్చినప్పుడు, షుగర్ దిగలేదు కదా అని తగ్గించకపోగా మళ్ళీ పూర్తికి పెంచాను. కొత్తది పెంచాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం మాట తప్పకుండా పెంచాను. ఏడో రోజుకి నా ఒంట్లో రెండు మందులూ పూర్తి మేతగా పడుతున్నాయి. డాక్టరమ్మ చెప్పినదానికి రెట్టింపు దాటింది.

ఎనిమిదో రోజు పొద్దున మీటరు చూస్తే షుగర్ దిగింది. ఇదిగో, దారికొచ్చింది, ఇంకొక్క దెబ్బ వేస్తే లొంగుతుంది అనిపించింది. షెడ్డులో పాత పెన్నుతో ఇంకో నాలుగు యూనిట్లు కలిపి వేసుకున్నాను. విజయమ్మ కట్టిచ్చిన ఇడ్లీలు డబ్బాలోనే ఉన్నాయి. ముందు రొయ్యలకి పెట్టి తర్వాత నేను తిందామనుకున్నాను. అంత త్యాగబుద్ధి నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు.

పది దాటాక థర్మాకోల్ తెప్ప ఎక్కి, గుంటకి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ మేత చల్లడం మొదలుపెట్టాను. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎండ అనుకున్నాను. చేతులు వణికాయి. మేత మూట బరువు అనుకున్నాను. గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్లు నాలుగు ఉండాలి, ఎనిమిది కనిపించాయి. ఎవరో మంచివాళ్ళు ఇంకో నాలుగు పెట్టించారని సంతోషించాను.

ఆ తర్వాతది నాకు గుర్తు లేదు. పెంచలయ్య చెప్పినది చెబుతున్నాను.

"పెంచలయ్యా, ఏరియేటర్లు ఆపరా!" అని అరిచానట.

"ఎందుకన్నా?"

"రొయ్యలకి చలేస్తా ఉండాది. ఇంటికి పోయి దుప్పట్లు పట్టుకురా!"

ఇన్నేళ్ళలో నేను వేసిన మొదటి హాస్యం ఇదేనని పెంచలయ్య కట్ట మీద నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడట. ఏరియేటర్లు నిజంగా ఆపివుంటే గంటలో రొయ్యలన్నీ పైకి తేలేవి. తర్వాత నేను మిగిలిన మేత మూట మొత్తం ఒకేచోట కుమ్మరించానట. తెప్ప అంచున కూర్చుని, పక్కన ఎవరో ఉన్నట్టు బతిమాలడం మొదలుపెట్టానట. "అన్నా, కాలు నీళ్ళలో పెట్టబాక. పుండు తడుస్తాది. తియ్యన్నా, కాలు తియ్యి."

మా అన్నని పాడె మీదికి ఎత్తినవాళ్ళలో పెంచలయ్య ఒకడు. వాడి నవ్వు అక్కడ ఆగిపోయింది. పరుగున వచ్చి తాడు లాగి తెప్పని ఒడ్డుకి చేర్చాడు.

సరిగ్గా అప్పుడే విజయమ్మ అన్నం క్యారియర్‌తో స్కూటీ మీద వచ్చింది. కట్ట మీద వెల్లకిలా పడి, కళ్ళు తేలేసి, గొణుగుతున్న మొగుణ్ణి చూసింది.

"తాగినాడేమో వదినా," అన్నాడు పెంచలయ్య.

"తాగుంటే పాడేవాడు," అంది ఆమె. మోకాళ్ళ మీద కూర్చుని నా నుదురు తడిమి చూసింది. చెమట, వణుకు, తిక్కమాటలు. ఈ మూడూ కనిపిస్తే షుగర్ బాగా పడిపోయినట్టు, వెంటనే తీపి పెట్టమని డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఉంది. నేను ఆ కాగితంతో వేరుశనగలు పొట్లం కట్టుకున్నాను. ఆమె అంతకుముందే చదివింది.

"షెడ్డులో పంచదార ఉండాదా?"

"లేదు వదినా. రొయ్యల బెల్లం ఉండాది."

తవుడుతో కలిపి డ్రమ్ములో పులియబెట్టి గుంటల్లో పోసే నల్లబెల్లం అది. ఆమె ఒక గడ్డని రాయితో చితక్కొట్టి, నీళ్ళతో ముద్దచేసి, నా తలని ఒళ్ళోకి ఎత్తుకుంది.

"నోరు తెరువు."

"ఏందది?"

"బెల్లం."

"నాకు షుగరుండాదని తెల్దా నీకు?"

"తెలుసు. తెరువు."

అప్పుడు, పాఠకులారా, కుడివైపు గుంటల వాళ్ళు, ఎడమవైపు గుంటల వాళ్ళు కట్టలెక్కి చూస్తుండగా, నేను గొంతు చించుకుని అరిచానట. "చంపేస్తుండాది! నా పెళ్ళామే నన్ను చంపేస్తుండాది! బెల్లం పెట్టి చంపేస్తుండాది, చూడండ్రా!" అరిచి పళ్ళు బిగించాను.

ఆమె నా దవడ పక్కనుంచి వేలు దూర్చి బెల్లం ముద్దని బుగ్గ లోపల రుద్దింది. నేను ఆ వేలుని కొరికాను. మామూలుగా కాదు, పట్టుకుని వదల్లేదు. పెంచలయ్య నా దవడలు విడదీయబోతే ఆమె పెద్దగా అరిచిందట. "లాగబాక! గమ్మునుండు!" ఎంతసేపు అలా ఉందో పెంచలయ్య చెప్పలేకపోయాడు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయని మాత్రం చెప్పాడు.

గూడూరు పోయే ఆటోలో నాకు తెలివొచ్చింది. విజయమ్మ కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు ఎర్రగా తడిసింది.

"చేతికేమయింది?" అన్నాను.

"తలుపులో పడింది," అంది ఆమె.

ఆస్పత్రిలో నాకు గ్లూకోజ్ ఎక్కించి, డాక్టరమ్మ ఆమె చేతిని చూసింది. "ఇది పంటిగాటు కదా. కుక్క కరిచిందా?"

విజయమ్మ నావైపు చూడకుండా, "పెంపుడుదేలే," అంది.

అప్పుడు తెలిసింది నాకు. సూది గుచ్చిన చేతిని కూడా కదపలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటే మాటవరస కాదని ఆ రోజే అర్థమైంది. అయినా అసలు నిజం చెప్పానా? లేదు. ఎంత వేసుకున్నారని డాక్టరమ్మ అడిగితే, "మీరు చెప్పినంతే," అన్నాను. దాంతో విజయమ్మ డాక్టరమ్మ మీద విరుచుకుపడింది. "నువ్విచ్చిన కొత్త మందే ఇంత పని చేసింది! నిక్షేపంలా ఉన్న మనిషి! మా బావకీ ఇట్టనే మార్చినారు!" ఆమె అలా అరుస్తుంటే నేను కళ్ళు మూసుకుని, మందు వల్ల నీరసించిన రోగిలా నటించాను. నా బతుకులో నేను చేసిన నీచమైన పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

సాయంత్రానికి, గ్లూకోజ్ ఎక్కుతుండగానే, షుగర్ మళ్ళీ పడిపోయింది. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ పడింది. డాక్టరమ్మ మొహం మారింది. విజయమ్మని తలుపు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ డోసుకి ఇలా పదేపదే పడకూడదు. కిడ్నీలు దెబ్బతిని మందు ఒంట్లోనే నిలిచిపోతోందేమోనని అనుమానంగా ఉంది. పరీక్షలు చెయ్యాలి."

 విజయమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "మా బావ మాదిరి ముక్కలు ముక్కలుగా పోతాడా అమ్మా? నేను చూడలేను. అక్క పడిన బాధ నేను చూసినా. నావల్ల కాదు."

మా వదిన మూడేళ్ళు అన్నకి పుండు కడిగింది. ఆ మూడేళ్ళూ ఆమెకి తోడుగా గిన్నె పట్టుకున్నది విజయమ్మే. నాకు ఏడుపొచ్చింది.

"నా కిడ్నీలకి ఏం కాలేదు," అన్నాను మంచం మీదినుంచి. "నేనే వేసుకున్నా. రెండూ వేసుకున్నా."

ఇద్దరూ తిరిగి చూశారు. ఐసు పెట్టె దగ్గర మొదలుపెట్టి, మేత మార్పిడి, మీటరు తట్ట, ఎనిమిదో రోజు చివరి దెబ్బ దాకా అంతా చెప్పేశాను. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె దగ్గరికి వచ్చే రోగుల్లో సగం మంది గుంటల వాళ్ళే. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"రమణయ్య గారూ, గుంటలో రొయ్యలు తినగా మిగిలిన మేత ఏమవుతుంది?"

"అడుగున పేరుకుంటాది."

"పేరుకుంటే?"

"కుళ్ళి గుంట చెడిపోతాది. రొయ్యలు చస్తాయి."

"నేనిచ్చిన మందు ఒక రోజుతో పోదు, మర్నాటికి కొంత మిగులుతుందని చెప్పానా లేదా? ఆ మిగిలినదాని మీద మీరు రోజూ ఇంకా ఇంకా పోస్తూ పోయారు. ఇరవై ఏళ్ళు రొయ్యలు పెంచినవాళ్ళు, పనికొచ్చే ఆ ఒక్క సంగతీ వదిలేసి మిగతావన్నీ వాడారు."

నేను తల ఊపాను. ఈసారి వినే ఊపాను.

ఆమె లేచి, తలుపు దాకా పోయి ఆగింది. "ఇంకో మాట. మీ అన్న మందు మార్చినందుకు పోలేదు. కొత్త మందు రాసిన కాగితం ఆయన షాపుకే తీసుకుపోలేదు. పాతదీ ఆపేశాడు. ఆఖరి నెల ఏ మందూ లేకుండా ఉన్నాడు. భయపడ్డాడు, నాకు చెప్పలేదు. మీరూ చెప్పలేదు."

రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఒంట్లో పేరుకున్న మందు దిగేదాకా గంటగంటకీ లేపి వేలు పొడిచారు. విజయమ్మ పక్కనే కూర్చుంది, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిడితే బాగుండేది. ఆమె తిట్లకి నేను అలవాటుపడ్డ మనిషిని, మౌనానికి కాదు. మూడో రోజు ఇంటికి తిరిగొచ్చే ఆటోలో ఉండబట్టలేక అడిగాను.

"నేను కొరుకుతా ఉంటే వేలు ఎందుకు లాక్కోలేదు?"

ఆమె బయట ఉప్పునేలల వైపు చూస్తూ చెప్పింది. "లాక్కుంటే బెల్లం బయటికి వచ్చేస్తాది."

ఇంటిదాకా ఆ కట్టుకట్టిన చేతినే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆ వేలు మడవకూడదని డాక్టరమ్మ చెప్పిందట. కుడిచేతి చూపుడువేలు. అన్నం కలుపుకోలేదు. మొదటి పూట స్పూనుతో అవస్థపడుతుంటే చూడలేక, కంచం లాక్కుని, పులుసన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటి ముందు పెట్టాను. పాతికేళ్ళ కాపురంలో అది మొదటిసారి. ముద్దని వేళ్ళ కొసలతోనే పట్టుకున్నాను. 

ఆమె ముద్దని చూసింది, నా వేళ్ళని చూసింది, నా మొహం చూసింది. ఆటోలో చెప్పిన ఆ ఒక్క మాట తర్వాత మళ్ళీ ఇప్పుడే నోరు విప్పింది.

"భయపడబాక. నేను కొరకను."

పక్కన భోంచేస్తున్న పెంచలయ్యకి పొలమారింది. నేను నవ్వబోయి ఏడ్చాను.

కాబట్టి పాఠకులారా, తూర్పున సముద్రాన్నీ, పడమట గూడూరు డాక్టరమ్మనీ, నడుమ మూడు గుంటల రొయ్యలనీ సాక్షిగా పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నా మందు విషయంలో ఇక ఏ జన్మలోనూ సొంత తెలివి వాడను. ఒక్క యూనిట్ కలపను, ఒక్క యూనిట్ దాచను, భయమేస్తే దాన్ని ఐసు పెట్టెలో పెట్టకుండా పెళ్ళానికి చెబుతాను. ఎందుకంటే అవసరమైతే ఆమె మళ్ళీ చెయ్యి పెడుతుంది, నాకు తెలుసు. ఆమెకి ఇంకా తొమ్మిది వేళ్ళు బాగున్నాయి.